స్కాట్లాండ్ గడ్డిబొమ్మ ముందు తిరుపతి మొక్కు

మనిషిని తగలబెట్టే సినిమా తీసిన ఊరికి సెలవు పెట్టుకుని మరీ వెళ్ళొచ్చాం. వెళ్ళింది ముగ్గురం, తిరిగొచ్చింది కూడా ముగ్గురమే కాబట్టి ధైర్యంగా చదవండి.

ముగ్గురిలో మొదటివాడు మా ఆయన మురళి. బ్రాక్‌నెల్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం, ఇంట్లో దెయ్యం సినిమాల పిచ్చి. రెండోవారు మా అత్తగారు, తిరుపతి నుంచి ఆర్నెల్ల వీసా మీద లండన్ పక్కన స్లౌలో మా ఇంటికి వచ్చారు. మూడోదాన్ని నేను. ఇక్కడి ఆసుపత్రిలో మత్తు డాక్టర్ని. పుట్టింది కోనసీమలో, కనుక కుక్కని అదిలించాలన్నా ముందు "అండీ" అంటాను.

ఆ సినిమాకి యాభై ఏళ్ళు దాటాయి. ఒక దీవి, అక్కడ పాత దేవతలను కొలిచే జనం, బయటి నుంచి వచ్చిన ఒక పోలీసు, చివర్లో ఆ పోలీసుని పెద్ద కర్రల బొమ్మలో పెట్టి మంట. మురళి ఏడాదికోసారి చూస్తాడు. ఈసారి మా అత్తగారు కూడా వచ్చి సోఫాలో కూర్చున్నారు. నేను దిండు అడ్డం పెట్టుకుని వణుకుతుంటే ఆవిడ చిక్కుడుకాయలకి ఈనెలు తీస్తూ చూశారు. జనం ముసుగులేసుకుని ఊరేగితే "మా గంగజాతర మాదిరే ఉండాది" అన్నారు. ఆఖర్న మంట లేస్తే చిక్కుడుకాయలు పక్కన పెట్టి దణ్ణం పెట్టుకున్నారు. ఆవిడ దాన్ని భక్తి సినిమా అనుకున్నారు.

ఒక్క తప్పు మాత్రం పట్టారు. "ఆయప్ప ఒప్పుకోలేదు గదా. మేక మీద నీళ్ళు చల్లితే ఒళ్ళు విదిలించాల. అప్పుడే అమ్మ ఒప్పుకున్నట్టు. ఒప్పుకోనిది బలి గాదు" అన్నారు.

ఆ మాట మురళికి గుచ్చుకుంది. ఎందుకో చెబితేగానీ ఈ యాత్ర అర్థం కాదు. కోవిడ్ రెండో చలికాలంలో మురళి పదకొండు రోజులు వెంటిలేటర్ మీద ఉన్నాడు. తిరుపతిలో మా అత్తగారు అమ్మవారికి మొక్కుకున్నారు. కొడుకు బతికితే జాతరలో చీర కట్టుకుని, గాజులేసుకుని, పసుపు పూసుకుని నడుస్తాడని. అక్కడ మగవాళ్ళు అలా మొక్కు తీర్చుకోవడం మామూలే, కలెక్టరాఫీసులో పనిచేసేవాళ్ళు కూడా జడ వేసుకుని వస్తారట. మొక్కు తీరేదాకా మామిడిపండు ముట్టనని కూడా ఆవిడ అనుకున్నారు. చిత్తూరు జిల్లా మనిషి, మామిడితోటల మధ్య పుట్టిన మనిషి.

మా ఆయన బతికాడు. బతికాక ఏరు దాటి తెప్ప తగలేసే రకంగా తయారయ్యాడు. జాతర వచ్చేది మే నెలలో. ఒక మే నెల ఆడిట్ అన్నాడు, ఒక మే నెల వీసా అన్నాడు. అసలు సంగతి, ఎవడో వీడియో తీసి పెడితే ఆఫీసువాళ్ళు చూస్తారని సిగ్గు. మా అత్తగారు ఒక్కసారీ బలవంతపెట్టలేదు. అలా ఐదు ఎండాకాలాలు మామిడిపండు లేకుండా గడిచిపోయాయి. ఈ ఏడు జాతర రోజుల్లో ఆవిడ స్లౌలోనే ఉండిపోయారు, జూన్‌లో తిరుగు ప్రయాణం.

ఆ సినిమా తీసిన ప్రాంతంలో ఒక చిన్న ఊరు ఏటా మే నెలలో ఊరేగింపు చేసి గడ్డిబొమ్మ కాలుస్తుందని మురళికి తెలిసింది. ఎవరో చేసుకునే జాతర చూడ్డానికి ఎగిరి గంతేశాడు. నేను డ్యూటీల రోటా మార్పించుకున్నాను.

స్లౌ: చక్రాల కింద నిమ్మకాయలు

శనివారం పొద్దున కారు నాలుగు చక్రాల కిందా నాలుగు నిమ్మకాయలు పెట్టి మా అత్తగారు దిష్టి తీశారు. పక్కింటి పోలిష్ ఆవిడ చెత్తబుట్ట తోసుకుంటూ ఆగి చూసింది. నిమ్మకాయలు చిట్లగానే ఆవిడ చప్పట్లు కొట్టింది, మురళి అద్దం పైకెత్తేసుకున్నాడు.

అంతకుముందే నేను హౌన్‌స్లోలో ఇండియన్ షాపులో కొన్న బంగినపల్లి పళ్ళు ఆరు, న్యూస్‌పేపర్లో చుట్టి డిక్కీలో స్పేర్ టైరు పక్కన దాచాను. పెట్టె పన్నెండు పౌండ్లు. ఎందుకు పెట్టానో అడక్కండి. నేను సైన్సు చదివిన మనిషిని.

మోటార్‌వే పక్కన పులిహోర

బర్మింగ్‌హామ్ దాటాక దారి పక్కన తిండి దొరికే సర్వీసెస్‌లో ఆగాం. అక్కడ ఉడికీ ఉడకని బంగాళాదుంప ముక్కలు ఏడు పౌండ్లు చెబుతుంటే మా అత్తగారు డబ్బా మూత తీశారు. ఆవాల వాసనకి పక్క టేబుల్ లారీ డ్రైవర్ తల తిప్పాడు. అడక్కుండానే అతనికో గరిటెడు వెళ్ళింది. తిన్నాడు, ముక్కు తుడుచుకున్నాడు, ఇంకో గరిటె తిన్నాడు.

కారెక్కాక మా అత్తగారు జాతర కబుర్లు మొదలెట్టారు. బైరాగి వేషం, తోటి వేషం, దొర వేషం అని రోజుకొకటట. వాటన్నిటికంటే నన్ను బెదరగొట్టింది తిట్ల సంగతి. జాతరలో జనం అమ్మవారిని నోటికొచ్చినట్టు తిడతారు. నా చెవులు నేను మూసుకున్నాను. మా వైపు గ్రామదేవతకి చలిమిడి పెట్టి, చల్లగా చూడు తల్లీ అంటాంగానీ తిట్లేమిటండీ అన్నాను.

"కడుపులో పెట్టుకుంటే కుళ్ళిపోతాది అమ్మణ్ణీ. తిడితే ఆయమ్మకి సంతోషం, మనకి తేలిక" అన్నారు. ఏదో గుర్తొచ్చినట్టు, "మురళికి బాగలేనప్పుడు నువ్వు ఫోన్లో ఒక్క మాట గూడా ఎక్కువ మాట్లాడలేదు" అన్నారు.

నేను దారి బోర్డులు చదవడంలో మునిగినట్టు నటించాను. ఆ పదకొండు రోజులూ నేను అదే ఆసుపత్రిలో డ్యూటీలో ఉన్నాను. మురళికి ఊపిరి గొట్టం వేసిన గంటలో, రెండు గదుల అవతల, నేను ఇంకెవరి భర్తకో గొట్టం వేస్తున్నాను. రోటా అలా పడింది. ఆ మాట అప్పుడూ ఎవరితో అనలేదు, కారులోనూ అనలేదు.

గ్రెట్నా: గౌన్లేసుకున్న మగాళ్ళు

స్కాట్లాండ్ సరిహద్దు దాటగానే గ్రెట్నా. ఇంగ్లండ్ నుంచి పారిపోయి వచ్చిన ప్రేమికులకి ఒకప్పుడు కమ్మరి తన దాగలి మీద సుత్తితో కొట్టి పెళ్ళి చేసేవాడట. ఇప్పుడు పారిపోవక్కర్లేదు, ముందే బుక్ చేసుకుని రావాలి. మేం వెళ్ళేసరికి ఒక జంటకి పెళ్ళవుతోంది. పంతులుగారు లేరు, మేళం లేదు, కమ్మరి పెళ్ళేమిటని మా అత్తగారు ముక్కున వేలేసుకున్నారుగానీ, సుత్తి దెబ్బ పడగానే హ్యాండ్‌బ్యాగులోంచి అక్షింతలు తీసి విసిరారు. ఆ బ్యాగులో అక్షింతలు ఎప్పటినుంచి ఉన్నాయో ఆవిడకే తెలియాలి.

బయట సంచి బూర ఊదేవాడు, పెళ్ళికొడుకు, అతని స్నేహితులు, అందరూ కిల్టులనే గళ్ళ గౌన్లలో ఉన్నారు. మా అత్తగారు వాళ్ళని పైనుంచి కిందిదాకా చూసి కొడుకు వైపు తిరిగారు.

"వీళ్ళంతా మొక్కు తీర్చేసినట్టుండారే" అన్నారు.

మురళి కారు తాళంచెవి వెతుక్కోవడం మొదలెట్టాడు. అది అతని చేతిలోనే ఉంది.

చర్చి శిథిలం, మేక తల మనిషి

ఊరి పేరు రాయను. మా గెస్ట్‌హౌస్ ఆవిడ మోయిరా, పేరు రాస్తే జనం ఎగబడి కారు పార్కింగ్ దొరక్కుండా చేస్తారని ముందే మాట తీసుకుంది. గాలొవే అనే ఆ ప్రాంతంలో సముద్రం పక్కన ఒకే వీధి, ఒక పబ్బు, ఒక పోస్టాఫీసు అనుకోండి.

ఆదివారమంతా మురళి మమ్మల్ని సినిమా తీసిన చోట్లకి తిప్పాడు. పైకప్పు లేని చర్చి దగ్గర, ఈ గోడ పక్కన కెమెరా, ఆ రాయి మీద ఫలానా ఆమె అంటూ పూనకం వచ్చినట్టు చెప్పాడు. అక్కడ మేక తల ముసుగు పెట్టుకుని ఒకాయన బెంచీ మీద శాండ్‌విచ్ తింటున్నాడు. షెఫీల్డ్‌లో పోస్ట్‌మన్‌గా చేసి రిటైరయ్యాడట, ఏటా వస్తాడట. సినిమాలో కాల్చిన బొమ్మ తాలూకు కర్ర మొదళ్ళు చాలాకాలం నేలలోనే ఉండేవనీ, అభిమానులు చెక్కుకుని చెక్కుకుని పట్టుకుపోయారనీ చెప్పాడు. తన దగ్గరా అగ్గిపుల్లంత ముక్క ఉందని పర్సు తీసి చూపించాడు.

నేను నవ్వాపుకుంటూ మా అత్తగారికి తెలుగులో చెప్పాను. ఆవిడ నవ్వలేదు. తిరుపతిలో జాతర ఆఖరున అమ్మవారి మట్టి విశ్వరూపాన్ని పెళ్ళగిస్తే ఆ మట్టి కోసం జనం ఒకరి మీద ఒకరు పడతారట, ఆవిడ పూజగదిలోనూ ఒక ముద్ద ఉందట. ఆ పుల్లని కళ్ళకద్దుకుని పోస్ట్‌మన్‌కి తిరిగిచ్చారు. అతను మేక తల తీసేసి, బట్టతల వంచి, థాంక్యూ అన్నాడు. ఇన్నేళ్ళలో ఎవరూ దాన్ని అంత మర్యాదగా చూడలేదట.

మధ్యాహ్నం పబ్బులో హాగిస్ తిన్నాం. గొర్రె గుండె, కాలేయం, ఓట్స్ కలిపి ఉడికిస్తారు. పద్నాలుగు పౌండ్లు. నేను ఫోర్కుతో అటూ ఇటూ జరుపుతుంటే మా అత్తగారు ఇది మన బోటి కూరకి చెల్లెలే అని తేల్చి, బ్యాగులోంచి నల్లకారం సీసా తీశారు. కారం చల్లాక అది నిజంగానే బాగుంది. చివర్న మామిడి ఐస్‌క్రీమ్ ఉందని పబ్బమ్మాయి చెబితే ఆవిడ వద్దని చెయ్యి ఊపారు. మురళి మాత్రం తల వంచుకుని రెండు స్కూపులూ తిన్నాడు. తినేశాక ప్లేటు చాలా సేపు చూశాడు.

అలారం

సోమవారం బ్యాంక్ హాలిడే సెలవు, ఊరేగింపు రోజు. పొద్దున్నే మా అత్తగారు గదిలో కర్పూరం వెలిగించారు. స్లౌలో మా ఇంట్లో స్మోక్ అలారానికి షవర్ క్యాప్ తొడుగుతాం, ఆ అలవాటు ఇక్కడ గుర్తు రాలేదు. గెస్ట్‌హౌస్ మొత్తం కూతపెట్టింది. ఐదు నిమిషాల్లో అతిథులందరం నైటీల్లో, లుంగీలో, తువ్వాళ్ళలో బయట పచ్చికలో నిలబడ్డాం. లుంగీ మురళిది. సముద్రపు గాలికి అది నిలవనంటోంది, అతను వదలనంటున్నాడు.

నేను క్షమాపణలు చెప్పుకుంటుంటే మోయిరా గాలి పీల్చి, మా అమ్మమ్మ బీరువా వాసన వస్తోందే అని మురిసింది. వెనకే ఆమె భర్త అలెక్ చేతికర్ర మీద కుంటుతూ వచ్చాడు. కాలికేమైందని మా అత్తగారు సైగతో అడిగారు. తుంటి ఆపరేషన్ అయిందట. అక్కడినుంచి మాట ఊరేగింపు మీదికి పోయింది. ఊరేగింపు ముందు ముసలమ్మ నడవాలట, అది ఆ ఊరి కట్టు. ముసలమ్మంటే ఆడవేషం వేసుకున్న మగవాడు. పంతొమ్మిదేళ్ళుగా అలెక్కే నడిచాడు. ఈ ఏడు నడవలేడు. కుర్రాళ్ళని అడిగితే ఫోన్లలో ఫొటోలు తీస్తారని సిగ్గుపడి ఎవరూ ముందుకు రాలేదు. ముసలమ్మ లేకుండానే కానిచ్చేస్తాం అంది మోయిరా. అలెక్ చేతికర్రతో పచ్చికని పొడుస్తున్నాడు.

నేను తెలుగులో చెబుతుంటే మురళి లుంగీ గట్టిగా బిగించుకున్నాడు. మా అత్తగారు అతని వైపు చూడనైనా చూడలేదు.

"చలిగా ఉండాది నాయనా. నా పెట్టెలో అడుగున శాలువా ఉండాది, తీసుకురా" అన్నారు.

ఐదు రవికెలు

పది నిమిషాలైనా శాలువా రాలేదు. నేను వెతుక్కుంటూ వెళ్ళాను. మురళి మంచం మీద కూర్చున్నాడు. చుట్టూ ఎర్ర రవికెలు, ఐదు. పక్కన ఎర్ర పట్టుచీర, మగవాడి చేతికి పట్టే గాజులు, సవరం.

ఏటా జాతరకి ముందు మా అత్తగారు వాళ్ళ వీధి టైలర్ దగ్గర కొడుక్కి రవికె కుట్టించారు. కొలతలు వీడియో కాల్లో చూసి కంటితో తీసినవి. పొట్ట పెరిగినకొద్దీ రవికె పెరిగింది. ఐదోది చూస్తే నాకు నవ్వాగలేదు, చిన్న గుడారంలా ఉంది. అప్పుడు మురళి మొదటి రవికె నా చేతికిచ్చాడు. బడిపిల్లవాడి చొక్కా అంత ఉంది. ఆసుపత్రి నుంచి ఎముకలగూడై ఇంటికొచ్చిన మురళికి కుట్టించిన కొలత అది. నవ్వడం మానేసి దాన్ని మడతపెట్టాను.

మా అత్తగారు గుమ్మంలో నిలబడ్డారు. శాలువా కోసమని వచ్చారట.

"అమ్మా, ఐదోది సరిపోతుందిలే" అన్నాడు మురళి.

ఆవిడ వెంటనే ఒప్పుకోలేదు. పద్ధతి పద్ధతే కదా. కుళాయి దగ్గర చెంబు లేక పళ్ళు తోముకునే గ్లాసు నింపుకొచ్చి, కొడుకు నెత్తిన చల్లారు. స్కాట్లాండ్ నీళ్ళు, పొద్దుటి చలి. మురళి తలనుంచి మడమ దాకా ఒళ్ళు విదిలించాడు.

"ఒప్పుకున్నాడు" అన్నారు మా అత్తగారు. అన్నాక గోడ వైపు తిరిగి కొంగుతో మొహం తుడుచుకున్నారు.

ఊరేగింపు

చీర నేను కట్టాను, పసుపు ఆవిడ పూశారు, సవరం మోయిరా పట్టుకుంది. వేపాకు ఎక్కడిదని ఆలోచిస్తుంటే అలెక్ పెరట్లోంచి రోవన్ కొమ్మలు నరికించుకొచ్చాడు. దుష్టశక్తులు రాకుండా ఇక్కడివాళ్ళు ఆ చెట్టు గుమ్మం ముందు నాటుతారట. ఆకు కూడా కాస్త వేపాకు పోలికే. మా అత్తగారు ఒక ఆకు నమిలి, చేదు చాలదన్నారు, అయినా నడుంకి కట్టారు.

ముందు మా ఆయన. అతని వెనక ఫిడేళ్ళు, డప్పులు, నక్క మొహాలు, చేప మొహాలు, మా పోస్ట్‌మన్ మేక. వీధి చివర్లో మొదటి ఫోన్ పైకి లేవగానే మురళి నడక తడబడింది. మా అత్తగారు పక్కకి వెళ్ళి అతని కొంగు సర్దారు, అంతే. ఆ తర్వాత అతను చేతులూపాడు, గాజులు మోగించాడు, పబ్బు దగ్గరైతే ఏకంగా చిందేశాడు. ఇన్నేళ్ళూ సిగ్గని చచ్చింది ఈ మనిషేనా అనుకున్నాను. అలెక్ కుర్చీలో కూర్చుని చేతికర్రతో తాళం వేస్తుంటే అతని ముందు ఆగి నమస్కారం కూడా పెట్టాడు. తర్వాత ఎవరో ఆ వీడియో పెట్టారు, బ్రాక్‌నెల్ మేనేజర్ చూశాడు. చీర ఎక్కడ కొన్నారని అడిగాడట, అంతే.

గడ్డిబొమ్మ ముందు

సముద్రం ఒడ్డు మైదానంలో గడ్డిబొమ్మ రెండు నిలువుల ఎత్తుంది. సాయంత్రం ఎనిమిదైనా ఎండ తగ్గలేదు. వదిలించుకోవాలనుకున్నదాన్ని కాగితం మీద రాసి బొమ్మ పొట్టలో దోపాలి, తర్వాత కాలుస్తారు. అందరూ రాస్తున్నారు. మోయిరా నాకూ కాగితం, పెన్నూ ఇచ్చింది. ఏం రాయాలో తోచక గీతలు గీశాను.

మా అత్తగారు కాగితం లాక్కున్నారు.

"రాసేది గాదు. తిట్టు."

"ఎవర్నండీ?"

"అమ్మనే. వాడి మొక్కు తీరింది. నీది తీరలేదు."

నాకేం మొక్కు లేదన్నాను. ఆవిడ కదల్లేదు. నేను గడ్డిబొమ్మ వైపు తిరిగి, చేతులు కట్టుకుని, "మీరు చేసింది ఏమీ బాలేదండీ" అన్నాను. చీరలో ఉన్న మా ఆయన కిసుక్కుమన్నాడు.

"ఇంగా గట్టిగా" అన్నారు మా అత్తగారు.

రెండో మాట ఎలా వచ్చిందో నాకు తెలియదు. "నీకు కళ్ళు లేవటే?" అన్నాను. "రెండు గదులే కదటే మధ్యలో! నా మొగుడికి గొట్టం వేసేటప్పుడు నా చేతులెక్కడ పెట్టావే? ఊరందరి మొగుళ్ళనీ నా చేతుల్లో పెట్టి, నా మొగుణ్ణి నాకు చూపించకుండా ఏం బావుకున్నావే నీ మొహం మండ!" ఆ తర్వాత వచ్చినవి రాస్తే మా కోనసీమలో ఇంటికి రానివ్వరు. మా మేనత్త చెరువు గట్టున పాలేరుని తిట్టిన తిట్లు, నేను నేర్చుకోలేదనుకున్నవి, అన్నీ వరసగా వచ్చాయి. ఏడుపూ వచ్చింది. గొంతు పోయేదాకా తిట్టాను. మురళి వచ్చి గాజుల చేతులతో నన్ను పట్టుకున్నాడు, నా మొహమంతా పసుపైంది.

ఆగేసరికి ఊరు ఊరంతా చప్పట్లు కొడుతోంది. పోస్ట్‌మన్ మేక తల తీసి కళ్ళు తుడుచుకుంటున్నాడు. ఆమె ఏమంది అని మోయిరా మా అత్తగారిని అడిగింది. స్లౌలో ఐదు నెలల్లో ఆవిడ నేర్చుకున్న ఇంగ్లీషు పది మాటలు దాటదు. అందులోంచి జాగ్రత్తగా ఒకటి ఏరి తీశారు.

"ప్రేయర్" అన్నారు.

బొమ్మ అంటుకుంది. ఎండిన గడ్డి కదా, చూస్తుండగానే భుజాల దాకా లేచింది. సినిమా చూసినప్పుడు దిండు వెనక దాక్కున్న నేను అంత దగ్గర నిలబడి కళ్ళార్పకుండా చూశాను.

మంట తగ్గాక కారు డిక్కీ తీసి న్యూస్‌పేపర్ పొట్లం తెచ్చాను. మా అత్తగారు విప్పి చూశారు. ఒక పండు తీసి వాసన చూశారు. మంట వైపు చూపించి దణ్ణం పెట్టారు. మురళి చెయ్యి చాచాడు. ఆవిడ అతణ్ణి దాటి, ఆ మొదటి పండు తెచ్చి నా చేతిలో పెట్టారు.

"ముందు నువ్వు తిను అమ్మణ్ణీ. నువ్వు గూడా ఐదేండ్లు ఉపాసం ఉండావు" అన్నారు.

పండు కాస్త పుల్లగానే ఉంది. అక్కడే నిలబడి టెంక దాకా తిన్నాను.